చెక్కుచెదరకుండా తిరిగే ఛాయాచిత్రం

డిజిటల్ ఛాయాచిత్రాన్ని తొంభై డిగ్రీలు తిప్పడం, కాగితాన్ని బల్లమీద పక్కకు జరిపినంత నిరపాయమైన పనిగా తోస్తుంది గాని, జేపెగ్ పద్ధతిలో భద్రపరచిన చిత్రాన్ని మామూలు సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, తిప్పి, మళ్లీ సేవ్ చేసిన ప్రతిసారీ అందులోని సూక్ష్మ వివరాలు కొంత మారిపోవచ్చు. నష్టం తిప్పడంలో లేదు. చిత్రాన్ని పూర్తిగా విప్పి మళ్లీ కుదించడంలో ఉంది. ఆ అవసరమే లేకుండా తిప్పగలిగేది జేపెగ్‌ట్రాన్ అనే చిన్న కమాండ్ లైన్ ఉపకరణం. ఇండిపెండెంట్ జేపెగ్ గ్రూప్ 1998 మార్చిలో వెలువరించిన 6బి సంచికలో దానికి ఈ శక్తి చేరింది.

జేపెగ్ ప్రమాణం చిత్రాన్ని ఎనిమిది చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు గల గడులుగా విభజించి, ఒక్కొక్క గడిలోని 64 విలువలను 64 తరంగాల పాళ్లుగా మారుస్తుంది; ఈ పాళ్లనే గుణకాలంటారు. ఈ మార్పుకు ఆధారమైన డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్‌ను 1974లో ప్రకటించిన ముగ్గురు నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కామిశెట్టి రామమోహన రావు. గుణకాలను నిర్ణీత సంఖ్యలతో భాగించి పూర్ణాంకాలకు సవరించే క్వాంటైజేషన్ దశలోనే వివరం శాశ్వతంగా పోతుంది. ఆ తర్వాత ఆ పూర్ణాంకాలను హఫ్‌మన్ సంకేతాలతో కుదించడంలో మాత్రం ఏమీ పోదు.

జేపెగ్‌ట్రాన్ ఈ చివరి కుదింపును మాత్రమే విప్పి, పూర్ణాంకాల దగ్గర ఆగుతుంది. సవ్యదిశలో తొంభై డిగ్రీలు తిప్పాలంటే ప్రతి గడిలోనూ అడ్డు వరుసలను నిలువు వరుసలుగా మార్చి, సున్నా నుంచి లెక్కించినప్పుడు బేసి సంఖ్య వచ్చే నిలువు వరుసల్లోని గుణకాల గుర్తును ధనం నుంచి రుణానికి, రుణం నుంచి ధనానికి మారుస్తుంది. బేసి తరంగం గడి నడిమి గీతకు రెండు పక్కలా పరస్పర విరుద్ధంగా ఉంటుంది కనుక, గుర్తు మార్పే అద్దంలో చూసినట్టి ప్రతిబింబాన్ని ఇస్తుంది. తర్వాత గడులను కొత్త స్థానాలకు చేర్చి, తిరిగి కుదిస్తుంది. ఒక్క గుణకపు పరిమాణం కూడా మారకపోవడమే ఈ పద్ధతిలోని సౌందర్యం.

అయితే అంచుల దగ్గర చిక్కు వస్తుంది. రంగుల సమాచారాన్ని రెండు దిశల్లోనూ సగానికి తగ్గించిన చిత్రాల్లో పని యూనిట్ 16 చుక్కల చదరం. చివర మిగిలే అసంపూర్ణ యూనిట్ కుడి అంచులోనో కింది అంచులోనో మాత్రమే ఉండగలదు. 4000 × 3000 చిత్రంలో 4000 పదహారుతో నిశ్శేషంగా భాగింపబడుతుంది, 3000ను భాగిస్తే 8 మిగులుతుంది. అందుచేత దాన్ని 270 డిగ్రీలు తిప్పడం నిర్దోషంగా సాగుతుంది గాని, 90 డిగ్రీలు తిప్పితే కింది అంచు ఎడమకు రావలసి ఉండడంతో ఆ ఎనిమిది వరుసలు తిరగకుండా ఒక అంచున పట్టీలా మిగిలిపోతాయి. 'ట్రిమ్' ఐచ్ఛికం వాటిని కోసివేస్తుంది. 'పర్ఫెక్ట్' ఐచ్ఛికం పని చేయడానికే నిరాకరిస్తుంది. పాత కుటుంబ చిత్రాల వంటి, మరో ప్రతి లేని వాటి విషయంలో రెండోదే సరైన ఎంపిక.

చిత్రంతోపాటు తేదీ, కెమెరా వివరాలు నిలవాలంటే 'కాపీ ఆల్' అని చెప్పాలి. ఈ వివరాలుండే ఎగ్జిఫ్ సమాచారంలో ఒకటి నుంచి ఎనిమిది వరకు విలువలు గల దిశాసూచిక ఉంటుంది. తిప్పిన తర్వాత దాన్ని ఒకటికి మార్చకపోతే, చూపించే సాఫ్ట్‌వేర్ చిత్రాన్ని రెండోసారి తిప్పుతుంది. ఎగ్జిఫ్‌ట్రాన్ అనే మరో ఉపకరణం ఆ సూచికను చదివి తిప్పడం, సరిదిద్దడం రెండూ తానే చేస్తుంది. జేపెగ్‌ట్రాన్ ఫలితాన్ని వేరే పేరుతో రాయించడం మంచిది. షెల్‌లో బాణం గుర్తుతో మూల ఫైలు పేరునే ఇస్తే, చదవడానికి ముందే అది ఖాళీ అవుతుంది.

3264 × 2448 చిత్రంలో రెండు కొలతలూ పదహారుతో నిశ్శేషంగా భాగింపబడతాయి. దాన్ని వరుసగా నాలుగుసార్లు 90 డిగ్రీలు తిప్పి, మూల చిత్రంతో చుక్క చుక్కా పోల్చి చూస్తే తేడా సున్నా.