పాత కాగితం పక్కన ఏ మట్టి?

దర్శి చుట్టుపక్కల ఊళ్ళలో పాత పెట్టెలు వెతికితే ‘నెల్లూరు జిల్లా, దర్శి తాలూకా’ అని రాసిన కాగితాలు ఇంకా దొరుకుతాయి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడక ముందువి. వాటితో పాటే పసుపు పూసిన శుభలేఖలు, టెలిగ్రాంలు. 2013 జూలైలో టెలిగ్రాం ఆగిపోయాక ఆ కాగితం మీద మమకారం మరీ ఎక్కువైంది. మట్టితో చిన్న స్టాండు చేసి షోకేసులో పెడదామని మా పిల్లలకు సరదా పుట్టింది. రంగురంగుల క్లే కొనుక్కొచ్చారు. నేను వద్దన్నాను.

ఓవెన్‌లో కాల్చే ఆ క్లే మట్టి కాదు, పీవీసీ ప్లాస్టిక్. దాన్ని మెత్తగా ఉంచడానికి కలిపిన నూనెలాంటి పదార్థం కాల్చాక కూడా మెల్లగా బయటికొస్తుంది. ప్లాస్టిక్ కవర్లో పెట్టిన జిరాక్సు అక్షరాలు కవరుకే అంటుకుపోవడం చూశారుగా, అదే సంగతి. ఎప్పటికీ ఆరని బొమ్మల మైనం కొన్ని రకాల్లో గంధకం ఉంటుంది. పక్కన వెండి నల్లబడుతుంది. తెల్ల జిగురు ఆరాక కూడా చాలాకాలం వెనిగర్‌లో ఉండే ఆమ్లాన్నే ఆవిరిగా వదులుతుంది. అద్దాల షోకేసులో ఆ ఆవిరికి పోయే దారి లేదు.

దీన్ని కనిపెట్టే పరీక్షను 1973లో బ్రిటిష్ మ్యూజియంలో ఆండ్రూ ఆడీ రూపొందించారు. అనుమానమున్న వస్తువును వెండి, రాగి, సీసం ముక్కలతో, కాస్త నీటితో గాజు గొట్టంలో మూసి 60 డిగ్రీల వేడిలో 28 రోజులు ఉంచుతారు. లోహం రంగు మారితే ఆ వస్తువు పనికిరాదు. ఇంట్లో అంత చెయ్యలేం కానీ ముక్కు ఉంది. ఆరాక కూడా వాసనొచ్చేదాన్ని కాగితం దగ్గరికి రానివ్వకండి. అలాగని వాసన లేనిదల్లా మంచిదని కాదు.

నా ఓటు ఆవంలో కాలిన మట్టికే. కాలిన దాన్ని నీళ్ళు మారుస్తూ నానబెడితే ఉప్పు దిగిపోతుంది. ఆ తర్వాత ఎండలో బాగా ఆరనివ్వాలి. మన ఎండలకు ఆ చింత లేదు. మట్టితో పని వద్దనుకుంటే మార్కాపురం పలక ఉంది, చీమకుర్తిలో గ్రానైటు ముక్కలున్నాయి. రంగు, వార్నీషు మాత్రం వద్దు. కాగితాన్ని దేనికీ అతికించకండి. ఆమ్లం లేని నూలు కాగితంతో మూలలు మడిచి వాటిలో దూర్చండి. సెల్లోటేపు జోలికి అసలు పోవద్దు.

శుభలేఖలకు, ఉత్తరాలకు ఇది చాలు. పొలం దస్తావేజు మాత్రం స్టాండులో పెట్టకండి. జిరాక్సు పెట్టి, అసలుది బీరువాలోనే ఉంచండి.