నిషేధానికి ముందే పిల్లల్ని అడగండి

16 ఏళ్ల లోపు పిల్లలను సోషల్ మీడియాకు దూరంగా ఉంచే ఆలోచన ఉందని ఆంధ్రప్రదేశ్ మంత్రి నారా లోకేశ్ 2026 జనవరిలో దావోస్‌లో చెప్పారు. ఆస్ట్రేలియాలో అలాంటి చట్టం 2025 డిసెంబర్ 10న అమల్లోకి వచ్చింది. ఈ చర్చలో పెద్దలందరూ మాట్లాడుతున్నారు. ఫోన్ చూశాక మీకెలా ఉంటోందని పిల్లల్ని అడిగేవాళ్లే తక్కువ, నన్ను బాధపెట్టేది అదే. గంటలు లెక్కపెడితే చాలదా అంటారు. మన గోదావరి డెల్టాలో ఆ లెక్క నిలవదు. భీమవరం పక్క పల్లెలో ఏదో ఒక ఇంటి ఫోన్ తీసుకోండి: పొద్దున్నే నాన్న రొయ్యల కౌంటు ధరలు చూసుకుంటాడు, మధ్యాహ్నం అమ్మ సీరియల్ చూస్తుంది, రాత్రికి పదో తరగతి పిల్లాడి రీల్స్. ఫోన్ మాత్రం ముగ్గురినీ కలిపి ఒకటే అంకె చూపిస్తుంది. గ్రామీణ భారతంలో స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చిన 14 ఏళ్ల పిల్లల్లో సొంత ఫోన్ ఉన్నవాళ్లు 27 శాతమేనని అసర్ విద్యా సర్వే 2024 నివేదిక చెప్పింది. ఫోన్ సొంతమైనా గంటలన్నీ ఒకటి కావు. రాజోలు వైపు అమ్మ కువైట్‌లో పనిచేస్తున్న ఇళ్లున్నాయి. ఐఎంఓ యాప్‌లో అమ్మ ముఖం చూస్తూ మాట్లాడిన గంటను రీల్స్ ఖాతాలో ఎలా వేస్తాం?

నేరుగా అడిగితే పిల్లలు నిజం చెప్తారా అన్నది గట్టి అభ్యంతరమే. అమెరికాలో ప్యూ రీసెర్చ్ సెంటర్ 2025 ఏప్రిల్‌లో వెలువరించిన సర్వేలో, సోషల్ మీడియా తమ ఈడు వాళ్లకు ఎక్కువగా చెడే చేస్తోందని 48 శాతం టీనేజర్లు అన్నారు. తమకే చెడు చేస్తోందన్నవాళ్లు 14 శాతం. ఇది చూపించి పిల్లల మాట పక్కన పెట్టమంటే నేను ఒప్పుకోను. తోటివాళ్ల గురించి అడిగితే పెద్దల నోట విన్నది చెప్పి, తమ గురించి అడిగితే అనుభవించింది చెప్పి ఉండొచ్చు. సిగ్గుపడి దాచుకునీ ఉండొచ్చు. ఏది ఎంతో తేలాలంటే అడిగే పద్ధతి మారాలి. క్లాసులో మాస్టారు ఎదురుగా నిలబడి చేతులెత్తమంటే నిజం రాదు. పేరు రాయించకుండా, రోజుకు రెండు మూడుసార్లు, ‘ఇందాక ఫోన్‌లో ఏం చేశావు, ఇప్పుడు మనసెలా ఉంది’ అని అడిగితే వస్తుంది. ఏడాదికోసారి అడిగితే ఇంటర్ పరీక్షల బెంగ ఫోన్ మీదికి పోతుంది, సంక్రాంతి సంబరం కూడా అంతే.

ఇంత చిక్కున్నప్పుడు కొలవడమెందుకు అనిపిస్తుంది. కోనసీమ చూసింది గుర్తు చేసుకోండి. 2022 మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగాక అక్కడ రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. నెట్ లేకపోతే పిల్లలు ఎలా ఉంటారో తెలిసే సందర్భమే అది. కానీ ఊరి నిండా పోలీసులు, ఆంక్షలు, పైగా వేసవి సెలవులు. ఆ రోజుల్లో ఒక పిల్లకు దిగులు పుట్టిందంటే నెట్ లేకనా, గొడవలవల్లనా? అంతకుముందు ఆ పిల్ల ఎలా ఉండేదో తెలిస్తేనే విడదీయగలం. నిషేధం మంచి చేస్తుందో చెడు చేస్తుందో తేల్చడానికీ అదే కావాలి. అందుకే లోపాలున్నా సరే, కొలత ఇప్పుడే మొదలుకావాలంటాను. చట్టం వచ్చాక మొదలుపెడితే పోల్చుకోవడానికి ఏమీ మిగలదు. అమలాపురం, భీమవరం, రాజమండ్రి బడుల్లో ఈ ప్రశ్నలు తయారుచేసే బల్ల దగ్గర తొమ్మిది, పది తరగతుల పిల్లలనూ కూర్చోబెట్టాలి. ఏ ప్రశ్నకు తమ ఈడు వాళ్లు నిజం చెప్తారో, దేనికి దాచేస్తారో వాళ్లకే తెలుసు.