లీకు లేనందుకు కూలి

ఈ వారం పేపరు మడతలోంచి ఒక రంగుల కరపత్రం జారిపడింది. ఏడాదికి ఇంతని కడితే చాలట, వాళ్ల మనిషి రెండు మార్లు ఇంటికొచ్చి సంపు, మోటారు, మిద్దె మీది ట్యాంకు, కొళాయిలు, గీజరు అన్నీ చూసి పోతాడట. చెడినా సరే, చెడకపోయినా సరే. బొమ్మలో తెల్లకోటు కుర్రాడొకడు పైపుకు స్టెతస్కోపు ఆనించి నవ్వుతున్నాడు. ఒళ్లు మండింది నాకు. బాగున్న మనుషులను పరీక్షలకు తోలడం అయిపోయింది, ఇక గొట్టాల వంతు.

పాత పాఠకులకు నా సంగతి తెలుసు. గోడల్లో పైపులు పాతిపెట్టొద్దని, పెట్టక తప్పకపోతే ప్లాస్టరింగుకు ముందే ఫోటో తీసి దాచుకోమని, ప్రతి బాత్రూముకూ విడిగా గేట్ వాల్వు పెట్టించుకోమని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు మొత్తుకున్నానో లెక్క లేదు. ఈయనకు నీళ్ల పిచ్చి అని ఒకాయన కార్డు ముక్క కూడా రాశాడు. మన తాడిపత్రి ఉన్న జిల్లాలో ఏడాది మొత్తానికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. ఇక్కడ ఆ పిచ్చి లేనివాళ్లను చూస్తేనే నాకు వింత.

అయినా ఆ తెల్లకోటు ఎందుకు? రాత్రి పడుకునే ముందు కొళాయిలన్నీ కట్టేసి, ట్యాంకులో ఒక కర్ర ముంచి, తడి ఎంతవరకు వచ్చిందో గీత పెట్టుకోండి. పొద్దున ఎవరూ నీళ్లు ముట్టకముందే మళ్లీ ముంచండి. తడి ఆ గీత దాకా రాకపోతే నీళ్లు ఎక్కడో పోతున్నట్టే. ఫ్లష్ ట్యాంకులో నాలుగు చుక్కల నీలిమందు వేసి అరగంట ఎవరినీ నొక్కనివ్వకండి. కింద బేసిన్‌లో నీలం కనిపిస్తే లోపలి వాషరు పోయిందన్నమాట. సెకనుకు ఒక చుక్క కారే కొళాయి రోజుకు ఇరవై లీటర్లు కారుస్తుంది, ఏడాదికి ఏడు వేల లీటర్ల పైమాట. ఇవి చూసుకునేకి చదువు అక్కర్లేదు, ఓపిక చాలు.

తాడిపత్రి నీళ్ల వ్యవహారం తెలిసినవాడికి మిగతాదీ తెలిసినట్టే. మన కాళ్ల కింద ఉన్నది సున్నపురాయి, పలకరాయి. కడప బేసిన్‌లోని ఒక రాతిపొరల వరుసకు భూగర్భ శాస్త్రజ్ఞులు పెట్టిన పేరే తాడిపత్రి ఫార్మేషన్. ఆ రాళ్ల సందుల్లో నిలిచిన నీళ్లు కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని కరిగించుకుని బోర్లలోకి వస్తాయి. తాగునీటి కఠినతకు భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే దిక్కు లేనిచోట 600 దాకా ఓర్చుకోవచ్చంది. బోరు నీళ్లతో కందిపప్పు ఉడికించి చూసిన ఎవరినైనా అడగండి, మనం ఏ లెక్కలోకి వస్తామో చెబుతారు. షవరు రంధ్రాలు మూసుకుపోతే రాత్రంతా చింతపండు రసంలో నానబెట్టండి. మిద్దె మీద తెల్లపైపులు ఎండకు పెళుసెక్కుతాయి, వాటికి రంగు పూయండి. నల్లబండల గచ్చు కింద పైపు కారుతుంటే బండల సందుల్లో తెల్లగా ఉప్పు పూస్తుంది. ఊడ్చేటప్పుడు కాస్త కిందికి చూడాలి, అంతే. ఊరే నీళ్లకు గుడి కట్టి, బుగ్గ రామలింగేశ్వరుడని మొక్కే ఊరు మనది. పెన్న ఎండినా ఆ లింగం దగ్గర తడి ఆరదు. కానీ మన బాత్రూము గోడలో ఊరే నీళ్లకు అంత మహిమ లేదు.

ఇదంతా రాసుకుని, ఇక కరపత్రాన్ని నాలుగు ముక్కలు తిట్టి ముగించేద్దామనుకున్నాను. అంతలో మా ప్లంబరు వేరే పని మీద ఇటు వచ్చాడు. చూపించి, "ఏమప్పా, దీని మీద నీ మాటేంది?" అన్నాను. చదివి, నవ్వి, "పద్ధతి మంచిదే సార్. లీకు లేకుంటే మీరెందుకు పిలుస్తారు నన్ను? లీకు పెద్దదైతేనే కదా నాకు పెద్ద కూలి" అన్నాడు.

ఆ మాట నన్ను మా అమ్మమ్మ ఊరి చెరువు కట్ట మీదికి తీసుకుపోయింది. అక్కడొక నీరుగంటి తాత ఉండేవాడు. తూము తీయడం, మూయడం, ఏ మడికి ఎంత సేపు నీళ్లు పారాలో చూడడం ఆయన పని అని అందరికీ తెలుసు. కానీ ఆయన ఎక్కువ సేపు చేసే పని వేరే. కట్ట మీద పోతుంటే పిల్లలం మేము నీళ్ల వైపు చూసేవాళ్లం, ఆయన వెనక వైపు చూసేవాడు. పొడిగా ఉండాల్సిన వైపు. ఎండాకాలంలో కట్ట అడుగున ఒకచోట మాత్రం గడ్డి పచ్చగా ఉంటే ఆగి, కర్రతో పొడిచి, మట్టి తీసి పిడికిట్లో పిసికి చూసేవాడు. ఎండ్రకాయల బొరియలు, పందికొక్కులు తవ్విన బొక్కలు ఎక్కడెక్కడున్నాయో ఆయనకు కంఠపాఠం. పెద్దవాన రాత్రుల్లో లాంతరు పట్టుకుని కట్ట మీదే ఉండేవాడని అమ్మమ్మ చెప్పేది. ఊళ్లో చాలామందికి ఆయన పనీపాటా లేకుండా తిరిగే మనిషి. కట్ట తెగిన రోజంటూ వస్తే కదా ఆయన ఏం చేశాడో తెలిసేది!

ఆయన కూలి సంగతి నాకు చాలాకాలం తర్వాత అర్థమైంది. ఆయనకు వచ్చేది కళ్లంలో గింజలు. ఆయకట్టు రైతులంతా పంట నూర్చినప్పుడు ఇంత అని కొలిచి ఇచ్చేవాళ్లు. కట్ట నిలిస్తే పంట, పంట ఉంటే ఆయనకు గింజ. కట్ట తెగితే అందరితోపాటు ఆయన చాటలోనూ ఏమీ పడదు.

చెడకముందే చూసుకునే ఈ తెలివి ఆయనతో పుట్టింది కాదు. మన పక్క కడప జిల్లాలో పోరుమామిళ్ల చెరువు శాసనం ఉంది, శక సంవత్సరం 1291, అంటే 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించినది. ఆ చెరువుకు పట్టింది వెయ్యి మంది కూలీలు, రెండేళ్ల పని. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను ఆ రాతి మీద వరసగా చెక్కారు. నీటి శాస్త్రం తెలిసినవాడు, పని తెలిసిన కూలీల గుంపు ఆ అంగాల్లోనివే. దోషాల వరసలో మొట్టమొదటిది కట్టలోంచి నీరు ఊరడం. ఉప్పునేల, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం లాంటివన్నీ ఆ తర్వాతే.

మన సీమలో దశబంధం అని ఇంకొక ఏర్పాటు ఉండేది. చెరువు కట్టినవాడికో, బాగు చేసినవాడికో ఇనాముగా భూమి ఇచ్చి, ఆ ఫలసాయం తింటూ చెరువును చూసుకోమనేవాళ్లు. 1800లో ఈ జిల్లాలు కంపెనీ చేతికి పోయాక కూడా దశబంధం ఇనాములు లెక్కల పుస్తకాల్లో కొనసాగాయి. గండి పడ్డాక పూడ్చినందుకు ఇచ్చే కూలి వేరు. దశబంధం ఫలం మాత్రం చెరువు చెక్కుచెదరకుండా ఉన్నన్నాళ్లూ అందుతుంది.

కాబట్టి చెడకముందే చూడమని, అందుకు డబ్బు కట్టమని కరపత్రం చెప్పిన మాట సరైనదే. పైగా నేను పైన చెప్పిన కర్ర, నీలిమందు పట్టుకోలేని సంగతులు రెండున్నాయి. గీజరుకు ఒత్తిడి వదిలే వాల్వు ఒకటి ఉంటుంది. మన నీళ్లకు అది సున్నం పట్టి బిగుసుకుపోతే బయటికి ఏ గుర్తూ కనపడదు. థర్మోస్టాటు మొరాయించిన రోజున ఆ వాల్వు తెరుచుకోకపోతే గీజరు పేలే ప్రమాదం ఉంది. లోపల తొట్టి తుప్పు పట్టకుండా తాను కరిగిపోయే మెగ్నీషియం కడ్డీ కూడా ఉంటుంది. అది అయిపోయిందో లేదో విప్పితే తప్ప తెలియదు. రెండోది మురుగుకాలువ పక్కగా పోయే కొళాయి లైను. మనకు నీళ్లు వదిలేది రోజులో కాసేపే. మిగతా సేపు ఖాళీగా ఉన్న గొట్టం పగుళ్లలోంచి బయటి మురికిని లోపలికి లాక్కుంటుంది. 2018 మార్చిలో గుంటూరులో తాగునీళ్లలో మురుగు కలిసి అతిసారంతో జనం చనిపోయారు. అమెరికాలో చాలా ఊళ్లలో నీళ్లు వెనక్కి రాకుండా ఆపే పరికరాన్ని ఏటా లైసెన్సున్న మనిషి పరీక్షించి కాగితం ఇవ్వాలని నియమం ఉంది. ఇంటివాడు వద్దన్నా వదలరు, ఎందుకంటే ఆ గొట్టం వీధి మొత్తానిది.

నాకు పేచీ ఉన్నది ఆ తెల్లకోటుతోనే. ఈసారి వచ్చినవాడు వచ్చేసారి రాడు. మన గోడలో పైపు ఎటు తిరుగుతుందో వాడికి తెలియదు. వచ్చినందుకు గుర్తుగా బాగున్న కొళాయి ఒకటి మార్చి బిల్లు రాసి పోతాడు.

మీ వీధిలో నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి, మీ గోడలు ఎరిగిన ప్లంబరునే ఏడాదికి మాట్లాడుకోండి. శివరాత్రికి ఒకసారి, దసరాకు ఒకసారి వచ్చి చూడమనండి. లీకు దొరికినా దొరక్కపోయినా కూలి ఒకటేనని ముందే చెప్పండి, సామాను మీరే కొనుక్కోండి. మొదటిసారి వచ్చినప్పుడు గీజరు వాల్వు దగ్గరే మొదలుపెట్టమనండి.