ట్రాన్స్‌ఫార్మర్‌కు కట్టిన ఫ్లెక్సీ

ఫ్లెక్సీల మీద నా కక్ష ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. చౌరస్తాలో, బడి గోడ మీద, నీళ్ల ట్యాంకు మీద చూసి కూడా ఓర్చుకున్నాను. ఈ వారం గోదావరిఖనిలో మా గల్లీ ట్రాన్స్‌ఫార్మర్ కంచెకు మూడు వైపులా ఒక నాయకుడి పుట్టినరోజు శుభాకాంక్షలు కట్టారు. ముందు ఆయన నవ్వుతున్నాడు, వెనకాల ట్రాన్స్‌ఫార్మర్ ఉడుకుతోంది.

ఉడకడమంటే నిజంగా ఉడకడమే. ఆ డబ్బాలో ఉక్కు రేకుల కోర్, దాని చుట్టూ కాగితం చుట్టిన తీగలు, అవన్నీ మునిగేలా నూనె ఉంటాయి. తీగల వేడికి నూనె పైకి లేస్తుంది. పక్కనున్న రేడియేటర్లలోకి వెళ్లి, గాలికి చల్లారి, కిందికి దిగి మళ్లీ తీగల దగ్గరికి చేరుతుంది. పంపు లేదు, మోటారు లేదు. అది అడిగేది చుట్టూ కాస్త గాలి. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఊళ్లో ఆ గాలికీ ఒక ముఖం అడ్డం!

నూనె సంగతి నాకు ఎక్కించింది మా కాక. సింగరేణిలో బొగ్గు బాయి మీద సబ్‌స్టేషన్‌లో ఎలక్ట్రీషియన్. ఆయన శాంపిల్ తీసే రోజు ఇంట్లో వ్రతం రోజులా ఉండేది. మబ్బు పడితే తీయడు. సీసాను ముందు అదే నూనెతో కడుగుతాడు. నేను చెయ్యి చాచితే, "చెయ్యి తడి ఉన్నదా బిడ్డా? అయితే సీసా ముట్టకు" అనేవాడు. ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే మా అమ్మమ్మ ఎందుకు అరిచేదో, కాక అందుకే అరిచేవాడు. నూనెకు తడి తగిలితే కరెంటును ఆపే బలం పోతుంది.

ఆ బలాన్ని కొలిచే తీరు నాకు భలే నచ్చేది. చిన్న గిన్నెలో నూనె పోసి, రెండు లోహపు బిళ్లలను రెండున్నర మిల్లీమీటర్ల ఎడంతో అందులో ఉంచుతారు. బుడగలు పోయేదాకా కదపరు. ఆ తర్వాత వోల్టేజీ మెల్లగా పెంచుకుంటూ పోతారు. ఎక్కడో ఒకచోట టప్పుమని నిప్పురవ్వ. ఆరుసార్లు చేసి సగటు తీస్తారు. కొత్త నూనె శుద్ధి చేయకముందే 30 వేల వోల్టులకు తట్టుకోవాలని మన ఐఎస్ 335 ప్రమాణం. లెక్క తక్కువొస్తే కాక ముందు బ్రీతర్ వైపు చూసేవాడు. వేడికి నూనె ఉబ్బి, చల్లారి కుంచించుకున్నప్పుడల్లా లోపలికి వెళ్లే గాలిలోని తడిని ఆ బుడ్డిలోని సిలికా జెల్ పీల్చుకుంటుంది. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగాయంటే వాటి పని అయిపోయినట్టే.

పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లకు ఇంకో కాపలాదారు ఉంటాడు, బుఖ్‌హోల్జ్ రిలే. 1921లో జర్మనీవాడు కనిపెట్టాడు. లోపల ఎక్కడైనా నిప్పు రాజుకుంటే నూనె విరిగి గ్యాసవుతుంది. ఆ గ్యాసు రిలేలో చేరగానే గంట మోగుతుంది. మన రామగుండం ఎన్టీపీసీలో 500 మెగావాట్ల యూనిట్ 21 వేల వోల్టుల దగ్గర తయారుచేసే కరెంటును 4 లక్షల వోల్టులకు ఎత్తే ట్రాన్స్‌ఫార్మర్లకు ఈ కాపలా తప్పదు. వోల్టేజీ 19 రెట్లు పెరిగితే కరెంటు 19 రెట్లు తగ్గుతుంది. అదే తీగలో వేడిగా పోయే నష్టం సుమారు 360వ వంతుకు పడిపోతుంది. ఈ లెక్క లేకపోతే రామగుండం కరెంటు హైదరాబాద్ చేరేలోపే దారిలో ఆవిరయ్యేది. 2022లో పూర్తయిన రామగుండం 100 మెగావాట్ల తేలే సోలార్‌లోనైతే ట్రాన్స్‌ఫార్మర్లను కూడా నీళ్లపై తెప్పల మీదే పెట్టారు. కాక చూసి ఉంటే తడి గురించి ఒక గంట ప్రసంగం తప్పేది కాదు.

ఇంత చెప్పాక నూనెకు హారతి పడతాననుకుంటున్నారేమో. బాయి లోపల బొగ్గు తీసే చోటు దగ్గరికి ఆ నూనెను రానివ్వరు. మీథేన్ ఉండే చోట మండే నూనెను ఎవరు పెట్టుకుంటారు? అక్కడ నూనె లేని, లోపలి నిప్పు బయటికి పొక్కనివ్వని ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టెలే. పైన రక్షించేదే కింద ప్రాణాంతకం.

అసలు ట్రాన్స్‌ఫార్మర్ ఆయుష్షు నూనెలో లేదు, తీగలకు చుట్టిన కాగితంలో ఉంది. నూనె చెడితే వడపోయవచ్చు, మార్చవచ్చు. కాగితం మాడితే వెనక్కి రాదు. తీగ దగ్గర వేడి 98 డిగ్రీలు దాటాక ప్రతి 6 డిగ్రీలకు కాగితం ముసలితనం రెట్టింపవుతుందని ఇంజినీర్ల లెక్క. ఆ వేడి పెంచుతున్నది ఎవరు? ఫ్లెక్సీ పాత్ర కొంతే. రెండు తాళ్లు కోస్తే పోతుంది. మన గల్లీలో ఇంటింటికీ వచ్చిన ఏసీలు పోవు. ఒక ఫ్యాను, రెండు ట్యూబులైట్ల నాడు రాయించిన లోడు మీద మూడు ఏసీలు నడుపుతున్నాం. రాత్రి పది గంటలకు అన్నీ ఒకేసారి ఆన్. నాయకుడి మీద కోపంతో మొదలుపెట్టాను గానీ, ఆయన కంటే మనమే పెద్ద ముద్దాయిలం.

ఫ్లెక్సీ విప్పమని ఆయన మనుషులకు నేను చెబుతాను. మీరు మాత్రం కొత్త ఏసీ పెట్టిన వారంలోనే కరెంటు ఆఫీసుకు వెళ్లి అదనపు లోడు రాయించుకోండి. బ్రీతర్ గింజలు గులాబీ రంగులో కనిపిస్తే కంచె దాటకుండా 1912కు ఫోన్ చేయండి.