పట్టాదారు గడి, అనుభవదారు గడి

మా ఓర్వకల్లులో ఏ పొలం అడంగల్ తీసినా పట్టాదారు పేరుకు ఒక గడి, అనుభవదారు పేరుకు ఇంకో గడి ఉంటాయి. భూమి ఎవరిదో ఒకచోట, ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో ఇంకోచోట. రెండో గడిలో పేరున్నంత మాత్రాన పొలం అతనిదైపోదు.

సాఫ్ట్‌వేర్ టెస్టుల్లోనూ ‘ఏం రావాలి’, ‘ఇప్పుడు ఏం వస్తోంది’ అని ఇలాంటివే రెండు గడులు ఉండాలి. మనం వాటిని కలిపేస్తున్నాం. పాత ప్రోగ్రామ్ చేతికొస్తుంది. రాసినవాళ్లు ఉండరు, కాగితాలూ ఉండవు. దాన్ని ముట్టుకునే ముందు ఇన్‌పుట్ ఇచ్చి చూసి, వచ్చిన జవాబునే టెస్టులో రాసేస్తాం. మైకేల్ ఫెదర్స్ 2004 నాటి తన పుస్తకంలో వీటిని క్యారెక్టరైజేషన్ టెస్టులన్నారు. ఇవి లేకుండా పాత కోడ్ జోలికి వెళ్లకూడదు కూడా. చిక్కంతా తర్వాత వచ్చే కుర్రాడికి. బగ్ సరిచేస్తాడు, టెస్టు ఎర్రబడుతుంది, తనదే తప్పనుకుని బగ్‌ను మళ్లీ ఉన్నచోటే పెడతాడు.

ఎక్సెల్‌నే చూడండి. 1900 లీపు సంవత్సరం కాదు. అయినా 60 అని కొట్టి తేదీగా మారిస్తే 1900 ఫిబ్రవరి 29 అంటుంది. ఆ పొరపాటు లోటస్ 1-2-3ది. దాని షీట్లతో లెక్క కలవాలని మైక్రోసాఫ్ట్ తెలిసే ఉంచింది. ఇప్పుడు సరిచేస్తే ఉన్న షీట్లలో తేదీలు దాదాపు అన్నీ ఒకరోజు జరుగుతాయి. దీనికి టెస్టు రాసేవాడు ‘ఫిబ్రవరి 29 వస్తుంది’ అని ఊరుకుంటే సగమే చెప్పినట్టు. ‘తప్పే, లోటస్ కోసం ఉంచాం’ అన్న మాటా పక్కన ఉండాలి.

ఇలా గుర్తు పెట్టడానికి పెద్ద ఖర్చేమీ లేదు. పైటెస్ట్‌లో మార్కర్ ఉంది, జేయూనిట్‌లో ట్యాగ్ ఉంది. నాకైతే ఆ గుర్తు టెస్టు పేరులోనే ఉండటం ఇష్టం. ‘ప్రస్తుతానికి సున్నా వస్తోంది’ అన్న పేరు చదివి ‘సున్నానే రావాలి’ అని ఎవరూ అనుకోరు. కొందరు అలాంటి టెస్టులను వేరే ఫోల్డర్‌లో పెట్టమంటారు. ఫోల్డర్లు ఎవరు గుర్తుపెట్టుకుంటారు? ప్రోగ్రామ్ చేసే పని తెలిసిన మనిషిని అడిగి, ఆ జవాబు సరైనదేనని తేలిన రోజున గుర్తు తీసేయాలి. తప్పని తేలితే కోడ్, టెస్టు రెండూ మార్చాలి.

ఇప్పుడు ఏఐ చేత టెస్టులు రాయించడం మొదలైంది. కోడ్ చూసి రాయమంటే అది ఉన్నదాన్నే రాస్తుంది, ఉండాల్సింది దానికెవరూ చెప్పలేదు కదా. అలాంటి టెస్టులు మీ దగ్గర చేరుతుంటే, లోపలికి రానిచ్చేటప్పుడే వాటి మీద ఆ గుర్తు వేయండి.