స్వీయహానికి మందు: ఒక విమర్శ

చావవలెనను సంకల్పము లేకయే తన దేహమును తానే గాయపఱచుకొనువారి స్థితికి తెలుగున నిలుకడగల పేరు లేదు. పత్రికలు దానిని తఱచుగా ఆత్మహత్యాప్రయత్నమని వ్రాయును; ఇంటివారు పొగరనియు, గాలి సోకినదనియు అందురు. స్వీయహాని యను క్రొత్తమాట కొంత మేలు. 1938లో కార్ల్ మెనింజర్ ‘మ్యాన్ అగైనిస్ట్ హిమ్‌సెల్ఫ్’ అను గ్రంథమున దీనిని, సంపూర్ణనాశనమును తప్పించుకొనుటకై మనస్సు చేయు పాక్షికనాశనముగా వివరించెను. 2013 నాటి అమెరికా మనోవైద్యసంఘపు వర్గీకరణగ్రంథము దీనిని నిర్ణీతరోగములలో చేర్చక, ఇంకను పరిశోధింపవలసిన వానిలో నుంచినది. అట్లని తేలికగా చూడరాదు. ఇట్టివారికి మున్ముందు ఆత్మహత్యాపాయము హెచ్చు.

దీనికి మందేమి? నాల్‌ట్రెక్సోన్‌ను సమర్థించువారి వాదము మనోహరముగ నున్నది. గాయమైనపుడు దేహమునందే నల్లమందును బోలిన ద్రవ్యములు పుట్టి బాధను చల్లార్చును. ఆ ఉపశమనమునకే మనస్సు అలవాటుపడినచో, ఆ ద్రవ్యముల పని నడ్డగించు మందు అలవాటును త్రెంపవలెను. తర్కమున లోపము లేదు, లోపము ఆధారములయందు. కొలదిమందిపై జరిగిన పరిశీలనలే దానికి దిక్కు. ఫ్లుఆక్సెటీన్ వంటి దిగులుమందుల మాటయో, అవి కౌమారులలో ఆత్మహత్యాచింతనను హెచ్చింపవచ్చునని 2004లో అమెరికా ఔషధనియంత్రణసంస్థ తీవ్రముగ హెచ్చరించినది. క్లోజపీన్ వలన రక్తమున తెల్లకణములు తగ్గు ప్రమాదము కలదు.

ఉద్దేశభేదము పాటింపక స్వీయహాని నంతటిని పరిశీలించిన 2021 నాటి కాక్రేన్ సమీక్షకు, పెద్దలవిషయమున దొరకినవి ఏడు పరీక్షలు, 574 మంది రోగులు. ఇంత స్వల్పసామగ్రిపై ఏ మందుకును పట్టము కట్టుట సాహసము. స్వీయహానిని తగ్గించుటకే ప్రత్యేకముగా మందు లీయరాదని బ్రిటనులోని నైస్ సంస్థ 2022లో నిర్దేశించినది. దిగులు మొదలగు రోగము తోడైయున్నచో దానికి మందు వలసినదే. వైద్యుడు వ్రాసిన మందును తమంత తాము మానుటయు ప్రమాదమే.

మందులకంటె హెచ్చు ఆధారము గలది, మార్షా లినెహాన్ 1991లో పరీక్షాఫలితములు ప్రకటించిన మాటలచికిత్స. ఉద్వేగము పొంగినపుడు దానిని పేరుపెట్టి గుర్తించుటయు, గాయము లేకయే దాటుటయు అందు నేర్పుదురు. చిక్కు ఇచ్చటనే యున్నది. మాత్రకు అనువాద మక్కఱలేదు. ఈ చికిత్సకు భాషయే సాధనము. హోసూరులోనో, బరంపురములోనో తెలుగింటి పిల్ల తన యుద్వేగమును బడిభాషలో చెప్పగలదు గాని, అమ్మతో తగవైన రాత్రి మనసున మెదలిన మాటలు తెలుగువే. ఔషధములను విమర్శించు పాశ్చాత్యసమీక్షలు ఈ అంశమును ముట్టవు. 2022 అక్టోబరు 10న భారతప్రభుత్వము నెలకొల్పిన టెలి-మానస్ 14416 సంఖ్యకు ఉచితముగా తెలుగుననే మాటాడవచ్చును.