యజమాని చేతిలో వీరుడు

అమెరికాలో నెల నెలా వెలువడే సూపర్‌హీరో బొమ్మల కథలకు కాలం చెల్లిందని ఒక వాదం వుంది. సినిమాలు వాటిని మింగేశాయంటారు. ఈ వాదం సగమే నిజమని నా అభిప్రాయం. తరగతిలో భారతం చెప్పుకొనే నాకు ఈ గొడవ ఎందుకని పాఠకులు అడగవచ్చు. పలువురి చేతుల మీదుగా సాగే ఉమ్మడి కథాలోకం ఎలా బతుకుతుందన్నది ఇక్కడి ప్రశ్న. అది మనకు కొత్తది కాదు.

1938లో సూపర్‌మాన్ తొలిసారి కనిపించిన సంచిక వెల 10 సెంట్లు. అతన్ని సృష్టించిన జెర్రీ సీగెల్, జో షూస్టర్ హక్కులను 130 డాలర్లకు అమ్ముకున్నారు. 1975లో పత్రికలలో అల్లరి చెలరేగిన తర్వాత గాని వారికి పింఛను దొరకలేదు. పాత్ర కంపెనీది, రచయిత కూలివాడు. ఈ పునాది మీదనే తక్కిన భవనమంతా లేచింది.

1961 నుంచి మార్వెల్ సంస్థలో స్టాన్ లీ, జాక్ కర్బీ మొదలైనవారు తమ వీరులను ఒకే లోకంలో నిలిపారు. ఒకరి కథలోకి మరొకరు రావటం మొదట మంచి శిల్పమే. క్రమంగా అదే వ్యాపారసూత్రమైంది. ఒక కథ తుదిమొదళ్ళు తెలియాలంటే అనేక పత్రికలు కొనాలి.

అసలు వైరుధ్యం ఇక్కడ వుంది. కథ నడవాలంటే పాత్ర మారాలి. సరుకు నిలవాలంటే పాత్ర మారకూడదు. కనుకనే 1992లో చచ్చిన సూపర్‌మాన్ 1993లో లేచి వచ్చాడు. 1985లోనూ 2011లోనూ డీసీ సంస్థ తన లోకాన్నే తుడిచి తిరగరాసింది. చావుకు విలువలేని కథలో త్యాగానికి మాత్రం విలువ ఎక్కడిది?

అంగడి తీరూ ఇంతే. ప్రత్యేక దుకాణాలకు పంపే ప్రతులు అమ్ముడు పోకపోతే సాధారణంగా వెనక్కి తీసుకోరు. నష్టం చిన్న దుకాణదారుది. 1991లో ఎక్స్-మెన్ కొత్త పత్రిక మొదటి సంచిక 80 లక్షల ప్రతులు దాటింది. దాచి అమ్ముకుందామని కొన్నవారు ఎందరో. 1996లో మార్వెల్ దివాలా అర్జీ పెట్టింది. పంపిణీని దశాబ్దాలపాటు చేత పట్టుకున్న డైమండ్ సంస్థ 2025 జనవరిలో అదే దారి పట్టింది. ఇరవై పేజీల కథకు నేడు నాలుగైదు డాలర్లు!

మరి పిల్లలు చదవటం మానారా? లేదు. డేవ్ పిల్కీ 'డాగ్ మాన్' పుస్తకాలను ఎగబడి చదువుతున్నారు. 1997 నుంచి ఎయిచిరో ఓడా ఒక్కడే రచిస్తూ వస్తున్న 'వన్ పీస్' కోసం ఎదురుచూస్తున్నారు. 2024లో డీసీయే తన పాత లోకానికి వెలుపల సంపద లేని బాట్‌మాన్‌ను చూపితే జనం ఆదరించారు. కాబట్టి కాలం చెల్లింది బొమ్మల కథకు కాదు, ముగింపును నిషేధించిన పద్ధతికి.

నన్నయ ఆపిన భారతాన్ని తిక్కన, ఎర్రన పూరించారు. వారికి రాజాశ్రయం వుండవచ్చు. భారతానికి మాత్రం యజమాని లేడు. అందుకే హరికథకులూ నాటకకర్తలూ దాన్ని తమ కాలానికి తిప్పుకోగలిగారు. అమెరికా చట్టం ప్రకారం 1938 నాటి సూపర్‌మాన్ కథ 2034 ఆరంభంలో ప్రజల సొత్తవుతుంది. వ్యాపారముద్రలు కంపెనీ దగ్గరే వుండిపోవచ్చు. అయినా ఆ వీరుడికి ముసలితనాన్నీ, తిరిగిరాని చావునూ ఇచ్చే స్వేచ్ఛ రచయితకు అప్పుడు దక్కుతుంది. నెలపత్రిక మిగిలినా మిగలకపోయినా, ఆ వీరుడు నిజంగా బతకటం అప్పుడే మొదలవుతుందని నా నమ్మకం.